కాజువాలిటీలో ఆ ప్రశ్న ఎందుకడుగుతారు?



ఇవాళ చెప్పబోయేది పచ్చళ్ల గూర్చి కాదు, పిల్లల చదువుల గూర్చీ కాదు. వినగానే "అబ్బ, సాయంకాలం పూట ఈ మాటలెందుకమ్మా" అని రేడియో కట్టేయాలనిపించే సంగతి. కట్టేయకండి. పొయ్యిమీద పాలుంటే దింపి వచ్చి ఒక్క పావుగంట కూర్చోండి.

మేముండేది కొండాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఈ పక్కన బండరాళ్లే ఎక్కువగా కనిపించేవట. ఇప్పుడు రాయి కనిపించాలంటే వెతుక్కోవాలి. మా అపార్టుమెంటులో ఒక్కొక్క తలుపు వెనక ఒక్కొక్క గడియారం నడుస్తుంది. ఎదురింట్లో అమెరికా వేళ, పక్కింట్లో లండను వేళ. మనం దీపం పెట్టే సమయానికి వాళ్ల ఆఫీసులు మొదలవుతాయి. ఒకరు నిద్ర లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు. ఒకే ఇంట్లో ఉండి కూడా వారంలో మొహామొహాలు చూసుకునేది ఆదివారం నాడే.

మా పై అంతస్తులో ఒక అమ్మాయి ఉంది. ఇరవై ఏడేళ్లు. మాదాపూర్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, పాప పుట్టాక మానేసింది. భర్తకి రాత్రి షిఫ్టు. నన్ను "అక్కా" అని పిలుస్తుంది. ఆ పిల్ల "చెప్పు అక్కా, ఫరవాలేదు" అన్న తర్వాతనే ఈ మాటలు చెబుతున్నాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను కూడా.

2022లో ఒక రాత్రి పదకొండు గంటలకి వాళ్ల అత్తగారు వచ్చి మా తలుపు బాదింది. ఆ పిల్ల ఏం చేసుకుంది, ఎలా చేసుకుంది అన్నది నేను చెప్పను. అది ఎవరికీ చెప్పకూడదని ఈ విషయం తెలిసిన డాక్టర్లంతా అంటారు. వినేవాళ్లలో మనసు బాగాలేనివాళ్లు ఒక్కరున్నా ఆ వివరమే వాళ్లకి దారి చూపిస్తుందట. అసలు ఆ ఊసు లేకుండానే చెప్పుకోవలసింది బోలెడుంది.

కారెక్కాం. దారిలో నేనొక తెలివితక్కువ పని చేశాను. "ఏమైందని అడిగితే బి.పి. పడిపోయి కళ్లు తిరిగాయని చెబుదాం పిన్నిగారూ, తక్కిన సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాను. అత్తగారు పరువు గురించే ఆలోచిస్తోంది, వెంటనే ఒప్పుకుంది. కాజువాలిటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మేం అప్పజెప్పిన పాఠం విన్నది. పిల్ల కళ్లు చూసింది, నాడి చూసింది. మా వైపు తిరిగి, "అమ్మా, నిజం చెబితే ఒక మందు, అబద్ధం చెబితే ఇంకో మందు. ఏది ఇవ్వమంటారు?" అన్నది. అప్పుడు చెప్పాం. నా అబద్ధం ఖరీదు పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. ఇలాంటి కేసులో ముందు ప్రాణం, తర్వాతే కాగితం. పోలీసు కాగితాలకోసం ఆగకుండా ముందు వైద్యం చేయాల్సిందేనని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎం.ఎల్.సి. అని రాసుకుంటారు, పోలీసులకి కబురు పెడతారు. అది ఆస్పత్రి పద్ధతి. దానికి భయపడి సంగతి దాచారో, నష్టపోయేది లోపల పడుకున్న మనిషే.

ప్రాణానికి ఢోకా లేదని తేలాక రెండో పని మొదలైంది. దాన్ని గురించే నేను చెప్పదలచుకున్నది. ఆ రాత్రి నాకేమీ అర్థం కాలేదు. తర్వాత ఆ డాక్టరమ్మనీ, ఎరిగున్న ఒక సైకియాట్రిస్టునీ విసిగించి తెలుసుకున్నాను. పదో తరగతితో చదువాపేసినదాన్ని గనుక వాళ్లు చెప్పిందాన్ని నా మాటల్లోకి తెచ్చుకునేదాకా వదల్లేదు.

మగతలో ఉన్న మనిషిని ఈ ప్రశ్నలు అడగరు. మందు మత్తయినా, తాగిన మత్తయినా పూర్తిగా దిగేవరకు ఆగుతారు. అంతవరకు మనిషిని ఒంటరిగా వదలరు. పిల్లకి తెలివి రాగానే నేను మంచం పక్కన నిలబడి అన్నిటికీ నేనే జవాబు చెబుతున్నాను. "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అంటే "పడుతుందండీ, పాపతో కాస్త అలసట" అని నేనే. డాక్టరమ్మ నవ్వకుండా, "మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి" అని తెర లాగేసింది. నాకు కోపం వచ్చిన మాట నిజం. ఇంత సేవ చేస్తే బయటికి పంపుతారా అనుకున్నాను. తర్వాత తెలిసింది, అత్తగారి ఎదుట ఏ కోడలూ చెప్పలేని మాటలుంటాయి. కొడతాడా, తిడతారా, పుట్టింటికి పంపరా, డబ్బు చేతికివ్వరా, ఇవన్నీ అడగాలంటే తెర ఉండవలసిందే. మొగుడి ఎదుటా అంతే. అప్పుల యాప్‌లో డబ్బు తీసుకుని వాళ్ల ఫోన్లతో చస్తున్న కుర్రాడైనా తండ్రి ఎదుట నోరు విప్పుతాడా?

అసలు ప్రశ్న సూటిగా ఉంటుంది. మనమైతే "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటాం. ఆ "లేవు కదా"లోనే లేవని చెప్పమన్న ఆజ్ఞ ఉంది. డాక్టర్లు అలా అడగరు. మెట్లెక్కినట్టు ఒక్కొక్కటే అడుగుతారు. నిద్రపోయి ఇంక లేవకపోతే బాగుండునని అనిపించిందా? చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా? వస్తే, ఎలాగని కూడా అనుకున్నావా? చేసెయ్యాలని మనసు ఎంతవరకు వెళ్లింది? ఏర్పాటేమైనా చేసుకున్నావా? ఇంతకు ముందెప్పుడైనా ప్రయత్నించావా, ఈ మూడు నెలల్లోనా, ఎప్పుడో పాతమాటా? అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ వరస తయారుచేశారు. వందకు పైగా భాషల్లోకి వెళ్లింది. రెండో మెట్టు దగ్గర "లేదు" అంటే మధ్యవి వదిలేసి చివరి ప్రశ్నకి వస్తారు. ఆ చివరిది మాత్రం ఎవరినీ అడక్కుండా వదలరు. ఇదివరకు ఒకసారి ప్రయత్నించిన మనిషి విషయంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

"అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?" అని నేనూ అడిగాను. మనందరికీ ఉన్న భయమే ఇది. న్యూయార్కు రాష్ట్రంలో హైస్కూలు పిల్లలు రెండు వేల మూడు వందల మంది పైచిలుకుతో దీన్ని పరీక్షించి చూసి, 2005లో ప్రకటించారు. సగం మందిని ఆ ప్రశ్నలు ముందే అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినందువల్ల ఎవరి బెంగా పెరగలేదు, ఎవరికీ కొత్తగా ఆలోచన పుట్టలేదు. పైగా ముందునుంచీ దిగులుతో ఉన్న పిల్లల మనసు కాస్త తేలికపడినట్టు కనిపించింది. మా పిల్ల కూడా అదే అన్నది. "అక్కా, ఆర్నెల్లనుంచి ఒక్కళ్లయినా అడుగుతారేమోనని చూశాను" అంది. పై అంతస్తులోనే ఉంది. రోజూ లిఫ్టులో కనిపించేది. "తిన్నావా" అని అడిగేదాన్ని, "పాప తిన్నదా" అని అడిగేదాన్ని.

ఆ తర్వాత ఆ రోజు సంగతులు ఒక్కొక్కటే అడుగుతారు. పొద్దున్నించీ ఏం జరిగింది? ఆ వేళ ఇంట్లో ఎవరున్నారు? ఎవరైనా వచ్చి చూస్తారని అనుకున్నావా, రాకూడదనుకున్నావా? ఎవరికైనా ఫోను చేశావా? ఇప్పుడు బతికినందుకు ఎలా ఉంది? ఈ ఆఖరి ప్రశ్న వినగానే నా ఒళ్లు జలదరించింది. కాని దానికి వచ్చే జవాబుని బట్టే రాత్రి వార్డులో ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది చాలావరకు తేలుతుందట.

మన ఇళ్లల్లో ఒక మాట ఉంది, "ఏమీ కాలేదుగా, ఉత్త బెదిరింపు" అని. మా వరండాలోనూ ఆ మాట వినిపించింది, అన్నవాళ్లెవరో చెప్పను. ఒంటికి తగిలిన దెబ్బ ఎంతో చూసి మనసులో ఉన్నదెంతో కొలవకూడదు. దేనివల్ల ఎంత ప్రమాదమో ఆ చేసే మనిషికి తెలియదు. దెబ్బ చిన్నదే అయినా ఉద్దేశం పెద్దదై ఉండవచ్చు. అందుకనే డాక్టర్లు ఈ రెండింటినీ విడివిడిగా రాసుకుంటారు.

మనల్ని బయట కూర్చోబెట్టి మరచిపోరు. తర్వాత మనల్నీ విడిగా పిలిచి అడుగుతారు. నిద్ర ఎలా ఉంది, తిండి తగ్గిందా, ఇష్టమైన పనులు మానేసిందా, తన వస్తువులు ఎవరికైనా పంచిపెట్టిందా, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలు అన్నదా, వంశంలో ఎవరైనా ఇలా పోయారా. కాన్పయి ఎన్నాళ్లయిందని కూడా అడుగుతారు. బాలింత దిగులు కొందరికి పది రోజుల్లో పోతుంది. కొందరికి జబ్బై కూర్చుంటుంది, మందు లేకుండా పోదు. మా పిల్లకి పట్టుకున్నది అదే. మేమంతా "పాలిచ్చే తల్లి కదా, నీరసం" అనుకున్నాం.

ఇక మార్కుల సంగతి. ఇది విని నేను చాలాసేపు ఊరుకున్నాను. 1983లో అమెరికా డాక్టర్లు ఒక లెక్క కట్టారు. పది అంశాలు, అంశానికొక మార్కు. మగవాడైతే ఒకటి. మరీ చిన్నవాడో, వయసు మళ్లినవాడో అయితే ఒకటి. దిగులుంటే ఒకటి, ఇదివరకు ప్రయత్నిస్తే ఒకటి, తాగితే ఒకటి, జీవిత భాగస్వామి లేకపోతే ఒకటి, తోడెవరూ లేకపోతే ఒకటి, ఇలాగ. ఎన్నో దేశాల్లో వైద్య విద్యార్థులు దీన్ని బట్టీ పట్టారు. దీన్ని మన ఇళ్లకి వర్తింపజేసి చూడండి. ఇరవై ఏడేళ్ల ఆడపిల్ల, పెళ్లయింది, మొగుడున్నాడు, అత్తమామలు ఇంట్లోనే ఉన్నారు, తాగుడు లేదు, పైకి జబ్బూ లేదు. అడిగే తీరులో అడిగి దిగులు బయటపెట్టించకపోతే వచ్చే మార్కులు సున్నా. మరి మన దేశం లెక్కలేం చెబుతున్నాయి? 2021లో ఇలా ప్రాణం తీసుకున్న ఆడవాళ్లు 45,026 మంది అని జాతీయ నేర నమోదు సంస్థ చెప్పింది. అందులో 23,178 మంది గృహిణులు. సగానికి పైన. పెళ్లి అక్కడ రక్షణ అయితే అయివుండవచ్చు, ఇక్కడ ఆ మాట పట్టుకుని మార్కు తగ్గించడానికి లేదు. మొత్తంమీద మగవాళ్లే ఎక్కువమంది పోతున్నారు, ఆ మాటా కాదనను.

చదువుకున్నవాళ్లే ఆ లెక్కని తర్వాత పక్కన పెట్టారు. ఎక్కువ మార్కులొచ్చినవాళ్లు ఎందరో బతికే ఉన్నారు, తక్కువ మార్కులతో ఇంటికి వెళ్లినవాళ్లలో కొందరు మిగల్లేదు. ఇంగ్లండులో జాతీయ వైద్య ప్రమాణాలు రాసే సంస్థ 2011లోనూ, మళ్లీ 2022లోనూ స్పష్టంగా చెప్పింది, మార్కులు చూసి ఎవరు పోతారో జోస్యం చెప్పవద్దని, మార్కులు చూసి వైద్యం ఇవ్వడమో మానడమో చేయవద్దని. మరి మెట్ల ప్రశ్నలెందుకంటారా? అవి మాట మొదలుపెట్టడానికి, ఏదీ మరచిపోకుండా ఉండడానికి. "ఈమె చేసుకుంటుందా, లేదా అని మేం చెప్పలేమండీ. ఈ రాత్రికి ఏం కావాలో, ఈ నెలకి ఏం కావాలో చెప్పగలం" అన్నారు సైకియాట్రిస్టుగారు. నాకు ఆ మాట నచ్చింది.

ఆలోచన ఇంకా తీవ్రంగా ఉందనుకుంటే వార్డులో ఉంచుతారు. ఒప్పుకోకపోయినా, ప్రాణాపాయం ఉంటే ఇంటివాళ్ల అనుమతితో 72 గంటల దాకా అత్యవసర వైద్యం చేయవచ్చని చట్టంలో ఉంది. మా పిల్ల రెండు రాత్రులు ఉంది. మర్నాడు పొద్దున్న ఆ ప్రశ్నలే మళ్లీ అడిగారు. "రాత్రి చెప్పింది కదా" అన్నాను. రాత్రి మనసు వేరు, పొద్దుటి మనసు వేరట. గంటగంటకీ మారుతుందట.

ఇంటికి పంపేముందు ఒక కాగితం రాయించారు. డాక్టరు కాదు, పిల్లే తన చేత్తో రాసింది. నాకు ఏ సూచనలు కనిపిస్తే ఆలోచన ముదురుతోందని అర్థం, అప్పుడు నాకై నేను ఏం చేయగలను, ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చుంటే మనసు మళ్లుతుంది, ఎవరికి నోరు విప్పి చెప్పగలను, ఏ డాక్టరుకి ఫోను చేయాలి, ఇంట్లో ఏమేమి నా చేతికి అందకుండా పెట్టాలి. ఈ పద్ధతిని అమెరికాలో స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు తయారుచేశారు. సైనికులుగా పనిచేసి వచ్చినవాళ్ల ఆస్పత్రుల్లో ఈ కాగితం రాయించి, ఇంటికి వెళ్లాక ఫోన్లు చేస్తూ వచ్చారు. అలా చేసినచోట తర్వాతి ఆర్నెల్లలో ఇలాంటి ఘటనలు నూటికి నలభై అయిదు వంతులు తక్కువని 2018లో ప్రకటించారు. ఆ ఆలోచన కెరటంలాంటిది, లేస్తుంది, కాసేపు ఉంటుంది, విరుగుతుంది. అది విరిగేదాకా చేతికి ఏదీ అందకుండా ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. అందుకే కాగితంలో ఆ ఆఖరి అంశానికి వాళ్లు అంత విలువిస్తారు. ఇంట్లో మందులన్నీ తీసి ఎవరింట్లోనైనా తాళం వేసి ఉంచమన్నారు. ఆ పెట్టె మా ఇంటికి వచ్చింది.

అమెరికా కబుర్లెందుకంటే మన పక్కన చెన్నైది చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో, అయిదు చోట్ల, కాజువాలిటీకి ఇలా వచ్చిన 1,867 మందిని చూసింది. అందులో చెన్నై ఒకటి. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదిగాక ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడారు, ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోను చేసో, ఇంటికి వెళ్లో "ఎలా ఉన్నావు, ఏమైనా కావాలా" అని కనుక్కున్నారు. అంతే. 2008లో లెక్క చూస్తే, మామూలు వైద్యం వాళ్లలో పద్దెనిమిది మంది ఆత్మహత్యతో పోయారు. పలకరింపు ఉన్నవాళ్లలో ఇద్దరు. తొమ్మిది పలకరింపులకి ఎంత ఖర్చవుతుంది చెప్పండి!

పోలీసు భయం గురించి రెండు ముక్కలు. మా అత్తగారు, అదే ఆ పిల్ల అత్తగారు, కానిస్టేబుల్ని చూసి వణికిపోయింది. ఆ భయం ఒకప్పుడు ఉత్తది కాదు. ప్రయత్నించినవాళ్లని శిక్షించే 309వ సెక్షను సరైనదేనని 1980ల చివర్లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే చెప్పింది. కాని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు, వైద్యం అందించడం ప్రభుత్వం బాధ్యత అని అందులో ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేనే లేదు. ప్రభుత్వోద్యోగిని తన పని చేయనీయకుండా వత్తిడి చేయడానికి అలా చేస్తే మాత్రం నేరం. మనిషిని అక్కడిదాకా తరిమినవాళ్ల మీద కేసు ఉంటుంది, అది వేరే సంగతి, ఉండవలసిందే.

మన హైదరాబాదులో ఎవరినైనా వెక్కిరించాలంటే "ఎర్రగడ్డకి పంపాలి" అంటాం. నేనూ అన్నాను, మా పిల్లల్ని. అక్కడున్నది మానసిక వైద్యానికి ప్రభుత్వ ఆస్పత్రి. పగటివేళ చీటీ రాయించుకుని చూపించుకుని ఇంటికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ వెక్కిరింత వినీ వినీ ఎంతమంది వెళ్లకుండా ఉండిపోయారో! ఇంటినుంచి కదలలేకపోతే 14416 నంబరుంది. 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ప్రభుత్వ ఫోను సాయం, టెలి మానస్ అంటారు. డబ్బు అక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. రాత్రి షిఫ్టుల ఇళ్లలో ఏ వేళైనా అన్నదే పెద్ద మాట. ఆ మనిషికోసమే కాదు, పక్కనుండి చూస్తూ ఏం చేయాలో తోచనివాళ్లు కూడా చేయవచ్చు. ఆలోచన ముదిరి చేతులు దాటేలా ఉంటే మాత్రం ఫోను పట్టుకుని కూర్చోకండి. మనిషిని వదలకుండా తిన్నగా కాజువాలిటీకి తీసుకెళ్లండి. దారిలో కథలల్లకండి, నాలాగ.

పిల్ల రాసుకున్న కాగితం సంగతి మిగిలిపోయింది. ఎవరి దగ్గర కూర్చుంటే మనసు మళ్లుతుంది అన్నచోట నా పేరుంటుందని అనుకున్నాను. లేదు. "కింద వాచ్‌మన్ భార్య దగ్గర కూర్చుని పూలు కట్టడం" అని ఉంది. నా పేరు ఆ తర్వాతి అంశంలో, నోరు విప్పి చెప్పగలిగేవాళ్లలో రెండోది. మొదటిది వాళ్ల తమ్ముడు. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి వారానికి సరిపడా మాత్రలు లెక్కపెట్టి తీసుకెళ్లేది. రెండో ఏట డాక్టరుగారే కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేశారు. ఆదివారం రావడం మాత్రం ఆగలేదు. మొన్న వచ్చినప్పుడు పాపకి జలుబు, సిరప్ కావాలంది. పెట్టె తీసి చూస్తే మా ఇంటి మందులూ వాళ్లింటి మందులూ కలిసిపోయి ఉన్నాయి. ఏది ఎవరిదో తేల్చలేక ఇద్దరం కాసేపు నవ్వుకుని, సిరప్ తీసిచ్చి, మళ్లీ తాళం వేశాను.